ఇంజను మార్చారు సరే, గేర్‌బాక్స్ ఏది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే సంగతి. పాత కారులో పెద్ద ఇంజను దించారు, లేదా దించబోతున్నారు. దాని వెనక ఏ మాన్యువల్ గేర్‌బాక్స్ తగిలించాలో తేలక అక్కడే ఆగిపోయారు. ఇరవై రెండేళ్ళుగా గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా పని. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నా 1969 షెవర్లే కమారోలో జనరల్ మోటార్స్ వాళ్ళ 6.2 లీటర్ల ఎల్ఎస్3 ఇంజను పెట్టాను. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చాక దాదాపు 500 హార్స్‌పవర్, 610 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోంది. ప్రస్తుతానికి నా దగ్గరున్న పాత టీ5 గేర్‌బాక్స్ (అయిదు గేర్లది) బిగించి, డైనో (ఇంజను బలం కొలిచే యంత్రం) మీద నాలుగో గేర్లో ఆరేడు సార్లు లాగించాం. ఏమీ కాలేదు. ఫ్రెండ్స్ మాత్రం మాగ్నమ్ గేర్‌బాక్స్ తప్ప ఇంకేదీ ఆగదంటున్నారు. కారు మామూలుగా రోడ్డు మీద తిరగడానికీ, అప్పుడప్పుడు దూరాలు వెళ్ళడానికీ. క్రౌన్-పినియన్ (వెనక ఇరుసులోని గేర్ల) రేషియో 3.73, వెనక టైరు ఎత్తు 65 సెంటీమీటర్లు. టీ5 ఉంచేయనా? మారిస్తే ఏది పెట్టను?

జవాబు: టీ5 తీసేయండి. కారు రోడ్డెక్కక ముందే తీసేయండి.

డైనో మీద ఏమీ కాలేదని ధైర్యం తెచ్చుకున్నట్టున్నారు. టీ5లో నాలుగో గేరు డైరెక్ట్. ఆ గేరు వేసినప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్‌నీ మెయిన్ షాఫ్ట్‌నీ స్లీవ్ ఒకటిగా పట్టేస్తుంది, టార్క్ ముందు నుంచి వెనక్కి తిన్నగా వెళ్ళిపోతుంది. కింద గేర్లున్న రెండో షాఫ్ట్, అంటే కౌంటర్ షాఫ్ట్, తిరుగుతుంది గానీ బరువు మోయదు. డైనో వాళ్ళు డైరెక్ట్ గేరే ఎంచుకోవడానికి కారణం కూడా అదే, నష్టం తక్కువ. అంటే మీరు ఆరేడు సార్లు లాగినా ఆ 610 న్యూటన్ మీటర్లు గేరు పళ్ళ మీద ఒక్కసారి కూడా పడలేదు. రోడ్డు మీద మూడో గేర్లో నిండా తొక్కిన మొదటి రోజున పడతాయి.

టీ5 చెడ్డ బాక్స్ అని నేననను. తేలిగ్గా ఉంటుంది, గేరు హాయిగా పడుతుంది. కానీ 1985 నుంచి మస్టాంగ్‌లో వచ్చిన వాటి రేటింగ్, అంటే మోయగలవని కంపెనీ చెప్పే టార్క్, దాదాపు 360 న్యూటన్ మీటర్లు. 1990 తర్వాతవి 407. అన్నిటికన్నా గట్టిదని పేరున్న జెడ్-స్పెక్ కూడా 447 దగ్గర ఆగుతుంది. మీ ఇంజను 610.

నా పని బల్ల మీద ఒక టీ5 మూడో గేరు ఎప్పుడూ ఉంటుంది. పారేయబుద్ధి కాలేదు. వరసగా నాలుగు పళ్ళు లేవు. దాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తే మొదటి పన్ను మొదట్లో, ఒక అంచున, వేలి గోరంత మేర నున్నగా నల్లబడి ఉంటుంది. ఆ నున్నటి చోట గవ్వ మీద చారల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. మిగతా భాగమంతా ఉప్పురాయి పగిలినట్టు గరగర. నున్నటి చోట పగులు ఎన్నాళ్ళుగానో కొంచెం కొంచెంగా పాకుతూ వచ్చింది. గరుకుగా ఉన్నంత మేరా ఒకే క్షణంలో తెగింది. తర్వాతి మూడు పళ్ళూ నిండా గరుకే. మొదటిది పోయాక ఆ బరువు వాటి మీదికి దభీమని వచ్చింది మరి.

పగులు అంచునే ఎందుకు మొదలైంది? ఏటవాలు పళ్ళున్న గేర్లు లోడు పడగానే ఒకదాన్నొకటి పక్కకు నెట్టుకుంటాయి. రెండో గేరు, మూడో గేరు ఉండేది షాఫ్ట్ నడిమి భాగంలో, బేరింగులకు దూరంగా. షాఫ్ట్ అక్కడే ఎక్కువ వంగుతుంది. వంగినప్పుడు పన్ను నిడివి మొత్తం ఆనడానికి బదులు ఒక అంచే ఆనుతుంది. టీ5లో రెండు షాఫ్టుల మధ్య దూరం 77 మిల్లీమీటర్లు, దానికన్నా పెద్దదైన ఆరు గేర్ల టీ56లో 85. ఎనిమిది మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ లావాటి షాఫ్టూ పెద్ద గేర్లూ పట్టేది ఆ ఎనిమిదిలోనే.

ఇంకో మాట. పళ్ళు విరగ్గొట్టేది ఎక్కువగా దెబ్బ. ఒక్కసారిగా క్లచ్ వదిలితే ఇంజను టార్క్‌కి తోడు, వేగంగా తిరుగుతున్న ఫ్లైవీల్ ఊపు కూడా వచ్చి పడుతుంది. సన్నటి టైర్లయితే జారి ఆ దెబ్బని రోడ్డు మీదే వదిలేస్తాయి. వెడల్పాటి జిగురు టైర్లయితే జారవు. దెబ్బంతా బాక్స్ తింటుంది. రేటింగ్ కాగితం చూసేటప్పుడు మీ టైరునీ మీ కాలినీ కూడా లెక్కలో వేసుకోండి.

ఇక ఏది పెట్టాలి. మీ ముందున్నవి రెండు: ట్రెమెక్ టీకేఎక్స్ అయిదు గేర్లది, టీ56 మాగ్నమ్ ఆరు గేర్లది. టీకేఎక్స్ రేటింగ్ 813 న్యూటన్ మీటర్లు, మాగ్నమ్‌ది దాదాపు 950. బలం సంగతి ఇక్కడితో వదిలేయండి, రెండూ ఆగుతాయి. తేల్చాల్సింది రేషియోలూ, టన్నెల్‌లో, అంటే బాక్స్ కూర్చునే ఫ్లోర్ ఉబ్బులో, చోటూ.

మొదటి గేరు రేషియోని క్రౌన్ రేషియోతో గుణించండి. మీలాంటి టార్క్ ఉన్న ఇంజనుకి అది 10 చుట్టుపక్కల ఉంటే రోడ్డు మీద బాగుంటుంది. 12 దాటితే మొదటి గేరు ఉండీ లేనట్టే. టైరు పొగ కక్కుతుంది, మీరు రెండో గేరు కోసం వెతుక్కుంటారు. మరీ 8కి దిగితే ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ కాలుతుంది.

మీ 3.73తో లెక్క చూద్దాం. మాగ్నమ్‌లో రెండు రకాలున్నాయి. క్లోజ్ రేషియో (గేర్ల మధ్య ఎడం తక్కువ) రకంలో మొదటి గేరు 2.66, ఆరోది 0.63. గుణిస్తే 9.92. వైడ్ రేషియోలో మొదటిది 2.97, ఆరోది 0.50. గుణిస్తే 11.08. టీకేఎక్స్‌లో మొదటి గేరు 2.87, అయిదోది 0.68 ఉన్న రకం తీసుకుంటే 10.7. అదే టీకేఎక్స్‌లో 3.27 రకం తీసుకుంటే 12.2. మీకు అది వద్దు.

ఇప్పుడు దూరాలు వెళ్ళేటప్పుడు. 65 సెంటీమీటర్ల టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి దాదాపు 817 సార్లు తిరుగుతుంది. దాన్ని 3.73తోనూ పై గేరుతోనూ గుణించండి. వైడ్ మాగ్నమ్ ఆరో గేర్లో ఇంజను 1,524 ఆర్‌పీఎం, క్లోజ్ మాగ్నమ్ ఆరో గేర్లో 1,920, టీకేఎక్స్ అయిదో గేర్లో 2,072.

1,524 చూడగానే మనసు లాగుతుంది, పెట్రోలు మిగులుతుందని. కంపెనీ క్యామ్ ఉన్న ఎల్ఎస్3 అయితే ఆ వేగంలో నెమ్మదిగా లాక్కుపోతుంది. మీరు క్యామ్ మార్చారు. పెద్ద క్యామ్ ఇంజను అంత కింద సాఫీగా మండదు. కుదుపులు మొదలవుతాయి, కారు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మీరు విసిగి అయిదో గేరుకి దిగిపోతారు. అంత డబ్బు పెట్టి కొన్న ఆరో గేరు ఊరికే పడుంటుంది. ఇక 1,920కీ 2,072కీ తేడా చూడండి, నూట యాభై. సీట్లో కూర్చున్న మనిషికి అది తెలీదు.

కాబట్టి ఆరు గేర్లు అనే మాట పక్కన పెట్టి కారు కింద పడుకుని చూడండి. 1969 కమారో టన్నెల్ నాలుగు గేర్ల బాక్సులకు చేసింది. మాగ్నమ్ పొడుగూ, లావూ. దాన్ని దూర్చాలంటే ఫ్లోర్ కోసి, పైకి లేపి, వెల్డింగ్ చేయాలి. టీకేఎక్స్‌ని ఇలాంటి పాత కార్ల కోసమే చిన్నగా తయారుచేశారు. కోయడం ఇష్టం లేకపోతే, ఇంజను ఇలాగే ఉంచే ఉద్దేశమైతే, మీ కారుకి నా ఓటు టీకేఎక్స్ 2.87, 0.68కే. రేపో మాపో సూపర్‌ఛార్జర్ పెట్టే ఆలోచన మనసులో ఉంటే మాత్రం ఇప్పుడే ఫ్లోర్ కోసి మాగ్నమ్ క్లోజ్ రేషియో పెట్టండి. రెండుసార్లు కొనకండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత బాక్స్ బిగించాకే తీయించండి. కారు టైర్ల మీద నిలబడి ఉన్నప్పుడు స్లిప్ యోక్ (బాక్స్ తోకలోకి దూరే ఆ షాఫ్ట్ కొస) పూర్తిగా లోపలికి పోకుండా రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. బాక్స్ తోక ఎన్ని డిగ్రీలు కిందికి ఉందో, పినియన్ ముక్కు అన్నే డిగ్రీలు పైకి ఉండాలి. ఒక్కో యూ-జాయింట్ దగ్గర వంపు మూడు డిగ్రీలు దాటనివ్వకండి. దాటితే వేగం పెరిగేకొద్దీ సీటు కింద వణుకు వస్తుంది. చాలామంది ఆ వణుక్కి గేర్‌బాక్స్‌ని తిడతారు.

ప్రశ్న: మాస్టారూ, టర్బో వేసిన టయోటా 2జేజెడ్ ఇంజను వెనక ఆర్154 గేర్‌బాక్స్ ఉంది. టార్క్ 700 న్యూటన్ మీటర్లు దాటుతోంది. నిస్సాన్ 350జెడ్‌లో వచ్చే సీడీ009 వేద్దామనుకుంటున్నాను. క్రౌన్ 3.9. ఇంకేమైనా మార్చాలా?

జవాబు: క్రౌన్ మార్చాలి. సీడీ009 మంచి బాక్స్, సింక్రోలు (గేరు పడేముందు వేగాలు కలిపే రింగులు) గట్టివి. కానీ దాని మొదటి గేరు 3.794. మీ 3.9తో గుణిస్తే 14.8. మీ ఆర్154 మొదటి గేరు 3.251, అదే క్రౌన్‌తో 12.7 వచ్చేది. అంటే ఇప్పటికన్నా పొట్టి గేరు చేతికొస్తుంది. టర్బో ఇంజనుకి అది ఇంకా చెరుపు. టర్బో నిండాలంటే ఇంజను మీద బరువు పడాలి, కాస్త సమయం కావాలి. పొట్టి గేర్లో ఇంజను రయ్యిమని రెడ్‌లైన్‌కి పోతుంది, బూస్ట్ వచ్చేసరికి గేరు అయిపోతుంది.

3.3 ప్రాంతంలో క్రౌన్ దొరికితే మొదటి గేరు లెక్క 12.5కి దిగుతుంది. పైన 0.794 ఆరో గేర్లో, 65 సెంటీమీటర్ల టైరుతో 100 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజను 2,140 చుట్టూ ఉంటుంది. 3.9తో అయితే 2,530. కారు స్వభావమే మారిపోతుంది. ముందు క్రౌన్ దొరుకుతుందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే బాక్స్ కొనండి.

ఇంకొకటి. సీడీ009కి బెల్ హౌసింగ్, అంటే ఇంజనుకి బిగించే గంట ఆకారపు భాగం, విడిగా ఉండదు, కేసుతో కలిపి పోత పోసి ఉంటుంది. వేరే ఇంజనుకి బిగించాలంటే ఆ గంట భాగాన్ని కోసేసి అడాప్టర్ వేయాలి. కోసేటప్పుడు అల్యూమినియం పొట్టు లోపలికి పోకుండా కాపాడుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక బాక్స్‌లో సింక్రో రింగుల గాళ్ళ నిండా వెండి పొడిలా ఆ పొట్టే ఉంది. వీలైతే బాక్స్ పూర్తిగా విప్పి, ఖాళీ కేసునే కోయించండి. అలాగే డైనో ఆపరేటర్‌కి ఒక మాట చెప్పండి, ఇందులో డైరెక్ట్ గేరు అయిదోది.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ టీ56 ఒకటి దొరికింది. ఎల్ఎస్ ఇంజనుకే అంటున్నారు. చూడకుండా కొనొచ్చా?

జవాబు: చూడకుండా కొనకండి. టీ56 పేరు ఒకటే, రకాలు చాలా. ఈ బాక్స్ మొదట 1992లో డాడ్జ్ వైపర్‌లో వచ్చింది. 1993 నుంచి కమారో, ఫైర్‌బర్డ్‌లలో ఎల్‌టీ1 ఇంజనుతో వచ్చింది. 1998 నుంచి 2002 వరకు అవే కార్లలో ఎల్ఎస్1తో వచ్చింది. ఎల్‌టీ1 రకానికి ఇన్‌పుట్ షాఫ్ట్ వేరు, ముందు ప్లేటు వేరు, క్లచ్ కూడా బయటికి లాగే రకం. అది ఎల్ఎస్ వెనక్కి నేరుగా ఎక్కదు. ఆ ముక్కలన్నీ మార్చాలి. 1997 నుంచి 2019 వరకు వచ్చిన కార్వెట్లలో బాక్స్ అసలు ఇంజను పక్కనే ఉండదు, వెనక డిఫరెన్షియల్‌కి అతుక్కుని ఉంటుంది. ఎల్ఎస్ కారులోదే కదా అని అది తెచ్చుకుని తల పట్టుకున్నవాళ్ళని చూశాను.

రకం సరిపోతే, కొనేముందు డ్రెయిన్ బోల్టు విప్పించండి. ఆయిల్‌ని తెల్లటి గిన్నెలోకి పట్టి ఎండలో చూడండి. పల్చగా బంగారు రంగు ధూళి కనిపిస్తే సింక్రో అరుగుదల, కొంతవరకు మామూలే. అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు పేస్ట్ అంటుకుంటే అదీ మామూలే. గోటికి తగిలే రేకు ముక్క ఒక్కటి కనిపించినా లేచి వచ్చేయండి. ఇన్‌పుట్ షాఫ్ట్ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూడండి, పక్కలకీ ఊపండి. ప్రతి గేరూ వేసి చేత్తో తిప్పండి. గేరు లివర్ పక్కలకి ఎక్కువగా ఊగుతుంటే, లోపల షిఫ్ట్ ఫోర్కుల చివర ఉండే ప్లాస్టిక్ ప్యాడ్లు విరిగి ఉండొచ్చు. అవి చిన్న ముక్కలే, కానీ మార్చాలంటే బాక్స్ మొత్తం విప్పాలి. ఆ పాత కమారో టీ56 రేటింగ్ 610 న్యూటన్ మీటర్లని కూడా గుర్తుపెట్టుకోండి. మాగ్నమ్‌తో దాన్ని ఒకే గాటన కట్టకండి.

ప్రశ్న: అన్నయ్యా, నేనూ మా తమ్ముడూ కలిసి ఇంజను మార్చాం, 650 న్యూటన్ మీటర్లు. మాగ్నమ్ పెట్టాం, బాగుంది. క్లచ్ పెడల్ మాత్రం రాయిలా ఉంది. ట్రాఫిక్‌లో అరగంటకే కాలు వణుకుతోంది. మా తమ్ముడేమో పవర్ కావాలంటే ఇంతే అంటున్నాడు. నిజమేనా అన్నయ్యా?

జవాబు: నిజం కాదమ్మా. క్లచ్ ఎంత టార్క్ పట్టుకుంటుందన్నది నాలుగింటి మీద ఉంటుంది: రాపిడి పదార్థం, డిస్క్ వ్యాసం, ప్రెషర్ ప్లేట్ నొక్కే బలం, రాసుకునే ముఖాల సంఖ్య. ఒకే డిస్క్ ఉంచి బలం పెంచాలంటే స్ప్రింగు గట్టిది వేయడమే సులువైన దారి. మీకు వేసింది అదే అయుంటుంది. ట్విన్ డిస్క్ క్లచ్‌లో రాసుకునే ముఖాలు రెండింతలు. అంచేత అంత గట్టి స్ప్రింగు అక్కర్లేదు, పెడల్ దాదాపు మామూలు కారులా ఉంటుంది.

క్లచ్ మార్చే ముందు మాస్టర్ సిలిండర్ వ్యాసం చూడమనండి. పెద్ద సిలిండర్ ఎక్కువ ఆయిల్ తోస్తుంది గానీ పెడల్ బరువెక్కుతుంది. చిన్నది తేలిక, కానీ రిలీజ్ బేరింగ్ సరిపడా జరగకపోతే క్లచ్ పూర్తిగా విడవదు. ఈ రెండిటి మధ్య మీ క్లచ్ కంపెనీ చెప్పిన కొలతే వాడండి.

సిరామిక్ బటన్ల డిస్క్ వేసుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పట్టు బాగానే ఉంటుంది. కానీ పట్టుకోవడమంటే టక్కున పట్టేస్తుంది, సగం వదిలి నెమ్మదిగా కదలడం ఉండదు. రోజూ తిరిగే కారులో అది మనిషికీ గేరు పళ్ళకీ కూడా శిక్ష. క్లచ్ కాస్త జారగలిగేదిగా ఉంటే బాక్స్‌కి రక్షణ. ఇంజను టార్క్ కన్నా మరీ ఎక్కువ పట్టే క్లచ్ వేస్తే దెబ్బంతా లోపలికే పోతుంది. కొత్త డిస్క్ వేశాక మొదటి 800 కిలోమీటర్లు మామూలు ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడపండి. తమ్ముడి చేతికి తాళాలు ఆ తర్వాతే ఇవ్వండి.

ప్రశ్న: బెల్ హౌసింగ్, ట్విన్ డిస్క్ క్లచ్, మాగ్నమ్, అన్నీ కొత్తవి. అయినా 6,000 దాటాక రెండు నుంచి మూడుకి పడదు, పడితే గీరుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు రివర్స్ కూడా ఒక్కోసారి గర్రుమంటుంది. బాక్స్ డిఫెక్టా? వాపసు పంపాలా?

జవాబు: వాపసు పంపకండి, ముందు రెండు పరీక్షలు చేయండి. రివర్స్ గర్రుమంటోందన్నారు, అది మొదటి ఆధారం. క్లచ్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గీరుకుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది. సింక్రో ఎంత మంచిదైనా, ఇంజను వెనక నుంచి తోస్తున్న షాఫ్ట్‌ని ఆపలేదు. హైడ్రాలిక్ లైన్లో గాలి తీయండి. రిలీజ్ బేరింగ్‌కీ ప్రెషర్ ప్లేట్ వేళ్ళకీ మధ్య ఖాళీ కంపెనీ చెప్పినంత ఉందో లేదో కొలవండి. పెడల్ నిండా పోతోందా, కార్పెట్ అడ్డుపడుతోందా చూడండి.

అవన్నీ సరిగ్గా ఉంటే బాక్స్ దించి బెల్ హౌసింగ్ కొలవండి. కొత్తదే కదా అనుకోకండి. నేనలాగే అనుకున్నాను. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు, ఒకాయన కారుకి కొత్త హౌసింగ్ పెట్టె తెరిచి నేరుగా బిగించాను. కొలవలేదు. ఆరు వందల కిలోమీటర్లకే ఆయన తిరిగొచ్చారు. బాక్స్ లోంచి సన్నగా ఏడుపులాంటి చప్పుడు, మూడో గేరు దానంతటదే జారిపోతోంది. విప్పితే ఇన్‌పుట్ బేరింగ్ గుల్ల, పైలట్ బేరింగ్ (క్రాంక్ చివర ఇన్‌పుట్ షాఫ్ట్ కొసని పట్టేది) ఒక పక్క పొడి పొడి. హౌసింగ్ రంధ్రం క్రాంక్ నడిమికి తిన్నగా లేదు. ఆ బాక్స్ నా ఖర్చుతో కట్టిచ్చాను. ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. ఆ రోజు నుంచి కొలవకుండా ఒక్క బాక్స్ కూడా ఎక్కించలేదు.

కొలిచే పద్ధతి చెబుతాను, మీరే చేసుకోవచ్చు. క్లచ్ తీసేసి హౌసింగ్ ఒక్కటే ఇంజనుకి బిగించండి. డయల్ గేజ్ అయస్కాంత పీటని ఫ్లైవీల్ మీద నిలబెట్టి, ముల్లు కొసని హౌసింగ్ వెనక రంధ్రం లోపలి అంచుకి ఆనించండి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజను చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఒక చుట్టు నెమ్మదిగా తిప్పుతూ ముల్లు ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ చూపించిందో, ఎక్కడ తక్కువో రాసుకోండి. రెండిటి తేడా 0.127 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో వెయ్యింట అయిదు వంతులు దాటకూడదు. దాటితే ఆ తేడాలో సగమే అసలు జరుగుడు. ఉదాహరణకి తేడా 0.36 వస్తే హౌసింగ్ 0.18 మిల్లీమీటర్లు పక్కకి ఉన్నట్టు. దానికి ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు (హౌసింగ్‌ని ఇంజను మీద సరైన చోట నిలిపే, నడిమి కాస్త పక్కకి జరిపిన పిన్నులు) దొరుకుతాయి, అంగుళంలో వెయ్యింట 7, 14, 21 వంతుల కొలతల్లో. మన ఉదాహరణకి 7ది సరిపోతుంది. రెండు పిన్నులనూ ఒకే దిక్కుకి తిప్పి పెట్టండి. తిప్పాక మళ్ళీ కొలవండి, అంకె తగ్గేవరకు.

హౌసింగ్ వెనక ముఖం చదునుగా ఉందా అన్నది కూడా అదే గేజ్‌తో చూడండి. ముల్లుని రంధ్రం లోపల కాకుండా బాక్స్ ఆనే ముఖం మీద పెట్టి తిప్పితే చాలు. బాక్స్‌ని బెల్ హౌసింగ్‌లోకి ఎక్కించేటప్పుడు చేత్తో నెడితే ముఖాలు కలవాలి. కలవకపోతే బోల్టులు బిగించి లాగకండి. బోల్టులతో లాగితే ఏదో ఒకటి పగులుతుంది.

చివరగా షిఫ్టర్‌కి స్టాప్ బోల్టులుంటే, గేరు పూర్తిగా పడ్డాక లివర్ వాటికి ఆనేలా సర్దండి. లేకపోతే కోపంగా వేసిన ప్రతిసారీ ఆ బలం ఫోర్కుల మీద పడుతుంది.

ప్రశ్న: బాక్స్ గట్టిగా పనిచేయాలని చిక్కటి 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోశాను. చలిలో గేర్లు పడటం లేదు. ఎందుకు?

జవాబు: ఆయిల్ వల్లే. టీ56, మాగ్నమ్, టీకేఎక్స్ బాక్సులకి కంపెనీ చెప్పేది డెక్స్‌రాన్-3 రకం ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ బాక్సుల్లో పోసే పల్చటి ఆయిలే. సింక్రో రింగు కోన్ మీద పట్టుకోవాలంటే మధ్యలో ఆయిల్ పొరని చీల్చుకుని పోవాలి. చిక్కటి ఆయిల్ అంత త్వరగా చీలదు. పైగా డిఫరెన్షియల్ కోసం చేసే జీఎల్-5 ఆయిల్‌లో ఉండే గంధకపు కలుపులు ఇత్తడి భాగాలకి పడవు. ఆ ఆయిల్ వంపేసి సరైనది పోసి వంద కిలోమీటర్లు నడపండి. ఒకసారి మళ్ళీ మార్చండి, పాతదాని మడ్డి పోతుంది.

ప్రశ్న: డాగ్ బాక్స్ వేస్తే క్లచ్ లేకుండా గేర్లు మార్చొచ్చట కదా? 600 హార్స్‌పవర్ కారు, రోజూ ఆఫీసుకి వెళ్తాను.

జవాబు: రోజూ ఆఫీసుకి వెళ్ళే కారులో వేయకండి. డాగ్ బాక్స్‌లో సింక్రోలుండవు. పెద్ద పెద్ద దంతాలు ఒకదానిలో ఒకటి దూరతాయి. వేగంగా, నిర్దయగా మారిస్తేనే అవి శుభ్రంగా దూరతాయి. ట్రాఫిక్‌లో మెల్లగా మార్చే ప్రతిసారీ అంచులు ఒరుసుకుని గుండ్రబడతాయి. గుండ్రబడ్డాక గేరు నిలవదు. చాలా డాగ్ బాక్సుల్లో పళ్ళు తిన్నగా కోసి ఉంటాయి, ఆ కూత లోపల కూర్చున్నవాళ్ళకి నిత్యం వినబడుతుంది. వెనకటి మన్సీ ఎం22 బాక్స్‌కి రాళ్ళు నలిపే యంత్రమని పేరొచ్చింది కూడా పళ్ళ ఏటవాలు తగ్గించడం వల్లే. అది పూర్తిగా తిన్నటి పళ్ళది కాదు, అయినా అంత చప్పుడు.

మీరు మీ ఇంజను టార్క్, కారు బరువు, టైరు ఎత్తు, క్రౌన్ రేషియో రాసి పంపండి. టన్నెల్ లోపలి వెడల్పూ ఎత్తూ, బెల్ హౌసింగ్ ఆనే చోట ఒకసారీ, గేరు లివర్ వచ్చే చోట ఒకసారీ టేపుతో కొలిచి అవి కూడా రాయండి. సింక్రోలున్న బాక్సుల్లో మీకు ఏది కుదురుతుందో వచ్చే నెల చెబుతాను.